పేరులేని పీపా

"ఇది గ్రివ్ కాదు."

సొలాంజ్ గ్లాసును వంటింటి బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుకి, గిన్నెలో పిండి కలుపుతున్న కోడలు పెరిన్ తలెత్తింది. పొయ్యి పక్కన విరిగిన కాలు స్టూలు మీదికి చాపుకుని కూర్చున్న ఆన్సెల్మ్ పేపరు దించి భార్య వైపు చూశాడు. గుమ్మం దగ్గర బూట్లకంటిన బురద గీకుతున్న కొడుకు ఫిర్మిన్ మాత్రం గీకుతూనే ఉన్నాడు.

"ఏది గ్రివ్ కాదు?" అన్నాడు ఆన్సెల్మ్.

"ఎడమ వరసలో చివరి పీపా. రేపు పండక్కి తెరుద్దామనుకున్నది. మా అమ్మ చేను వైన్ ఎలా ఉంటుందో నాకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. నాలిక మీద పెట్టుకోగానే తెలిసింది. అందులో ఎవరో మురే కలిపారు."

పెరిన్ మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది.

ఆ ఇంటికి రెండు చేలున్నాయి. వెర్నోల్ ఊరికి పైన, అడవి అంచున ఉన్నది గ్రివ్. పండిన ద్రాక్షల్ని దొంగిలించే ఒక పిట్ట పేరు అది. తెల్లటి సున్నపురాళ్ళ మీద జానెడు మట్టి ఉన్న నేల. సొలాంజ్‌కు అది తల్లి నుంచి వచ్చింది. కొండ దిగువన, రోడ్డు వారగా రాతి గోడ చుట్టుకుని ఉన్నది మురే. బరువైన ఎర్ర బంకమట్టి. అది ఆన్సెల్మ్ తాతల నాటిది. రెండింట్లోనూ పండేది ఒకే పినో ద్రాక్ష. కానీ పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంటి నేలమాళిగలో ఎడమ వరస గ్రివ్‌ది, కుడి వరస మురేది. వెర్నోల్ మనిషిని నువ్వెవరని అడిగితే ఇంటిపేరు తర్వాత చెప్తాడు, ముందు చేను పేరు చెప్తాడు. అలాంటి ఊళ్ళో ఒక చేను వైన్‌ను ఇంకో చేను వైన్‌లో పొయ్యడమంటే మాటలు కాదు.

రేపు సెయింట్ విన్సెంట్ పండగ. ద్రాక్షరైతుల దేవుడి కొయ్యబొమ్మ ఏడాదికొక ఇంట్లో ఉంటుంది. ఈసారి వంతు వాళ్ళది. బొమ్మ ఎవరింటికొస్తే వాళ్ళు కొత్త పీపా ఒకటి తెరిచి ఊరందరికీ పొయ్యాలి.

"నేనే కలిపాను అత్తయ్యా," అంది పెరిన్.

సొలాంజ్ కోడలి వైపు తిరిగింది. తర్వాత మెల్లిగా అడిగింది. "ఎప్పుడు?"

"క్రిస్మస్‌కు ముందు. ఒక గ్రివ్ పీపా, ఒక మురే పీపా కలిపి, మళ్ళీ రెండు పీపాల్లోకి నింపాను. ఒకటి మీ వరసలో ఉంది, ఒకటి మామయ్య వరసలో."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

"వింటున్నారా?" సొలాంజ్ భర్త వైపు తిరిగింది. "ఎవర్నీ అడగలేదట! ఉప్పు డబ్బాలో ఉప్పు నింపానన్నంత తేలిగ్గా చెప్తోంది!"

"తేలిగ్గా చెప్పటం లేదు అత్తయ్యా. జులైలో వడగళ్ళు పడ్డాక గ్రివ్‌లో ఏం మిగిలిందో మీరూ చూశారు. గుత్తికి సగం కాయలు. ఆ వైన్ ఒట్టి పులుపు. నోట్లో పోసుకుంటే నిలబడదు, నడుం లేనట్టు జారిపోతుంది. మురేకేమో ఒళ్ళుంది, ఊపిరి లేదు. రెండూ కలిస్తే..."

"రెండూ కలిస్తే మీ ఊరి వైన్ అవుతుంది! మీ బోర్డో వైపు, ఫ్రోన్సాక్‌లో మెర్లో ద్రాక్ష అనీ, కాబెర్నే అనీ, పెరట్లో ఏది కాస్తే అది ఒక్క తొట్టిలో పోసి గరిటెతో తిప్పుతారు. మీకది పులుసు. మాకు కాదు."

పెరిన్ చేతిలోని చెంచా గిన్నెలో పడింది. "మా నాన్న వైన్ పులుసు కాదు."

"నేను మీ నాన్ననేమీ అనలేదు."

"అన్నారు."

"సరే, అన్నాను!"

ఆన్సెల్మ్ గొంతు సవరించుకున్నాడు. శరదృతువులో నేలమాళిగ నిచ్చెన మీంచి పడిన దగ్గర్నుంచీ ఆయన ఆ కుర్చీకే అంటుకుపోయాడు. పీపాల పని కొడుకూ కోడలూ చూస్తున్నారు. "నా కాలు కూడా రెండు ముక్కలు కలిపి అతికించారు," అన్నాడు. "బాగానే..."

"మీరు మాట్లాడకండి."

ఆయన మళ్ళీ పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సొలాంజ్ చూపు గుమ్మం వైపు మళ్ళింది. "ఫిర్మిన్, నీకు తెలుసా ఈ సంగతి?"

పెరిన్ కూడా అటే చూసింది. ఫిర్మిన్ బూటు తిప్పి అడుగు చూశాడు. బురద ఎప్పుడో పోయింది. అయినా ఇంకోసారి గీకాడు.

"గొట్టాలు కడగాలి," అని బయటికి వెళ్ళిపోయాడు.

మూసుకున్న తలుపు వైపు పెరిన్ చాలాసేపు చూసింది. కోడలి మొహంలో కోపం కాదు, ఇంకేదో కనిపించింది సొలాంజ్‌కు. ఆ ఇంకేదో చూడబుద్ధి కాక, తొట్టి దగ్గరికి వెళ్ళి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళూ ఆన్సెల్మ్ ద్వారా మాట్లాడుకున్నారు.

"మీ కోడలికి చెప్పండి, సూప్‌లో మిరియాలు తగ్గాయని."

"అమ్మాయ్, మిరియాలు తగ్గాయిట."

"మిరియాల సీసా అత్తయ్య ముందే ఉందని చెప్పండి మామయ్యా."

"సొలాంజ్, సీసా నీ ముందే ఉందట."

"నాకు కళ్ళున్నాయని చెప్పండి."

"కళ్ళు కూడా ఉన్నాయట," అన్నాడు ఆన్సెల్మ్. నవ్వు పెదవుల దాకా వచ్చింది కానీ, భార్య చూపు తగిలి చటుక్కున రొట్టెముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఫిర్మిన్ పళ్ళెంలోంచి తలెత్తలేదు. అతను పెరిన్ వైపు జరిపిన జున్ను ఆమె ముట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే సొలాంజ్‌కు ఈ కోడలంటే ఇష్టం. తెల్లారకముందే లేచి తోటకు వెళ్తుంది. చలికి వేళ్ళు పగిలినా కత్తెర వదలదు. ఒక్కొక్క తీగ ముందూ ఒక్క క్షణం ఆగి, ఏ కొమ్మ ఉంచాలో ఏది కొట్టాలో ఆలోచించి కొడుతుంది. ఫిర్మిన్‌కే ఆ ఓపిక లేదు. ఊళ్ళో ఎవరైనా 'మీ బోర్డో పిల్ల' అంటే, 'మా పిల్ల' అని దిద్దేది సొలాంజే. ఇష్టం ఉండబట్టే ఇంత మండుతోంది. ఇష్టం లేని మనిషి చేస్తే ఒక కేకతో పోయేది.

సాయంత్రం పొద్దు వాలకముందే పెరిన్ తండ్రి కారు వాకిట్లో ఆగింది. లెయోన్స్ భారీ మనిషి. భార్య పోయాక ఫ్రోన్సాక్‌లో ఒక్కడే ఉంటున్నాడు. కూతురింట పండగ కోసం దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు కారు నడుపుకుంటూ వచ్చాడు. చంకలో వైన్ సీసాల పెట్టె, ఇంకో చేతిలో కొవ్వులో మగ్గబెట్టిన బాతు మాంసం జాడీలు.

"ఏంటి బావగారూ, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది?" అన్నాడు లోపలికొస్తూనే. "ఎవరైనా పోయారా?"

"ఒక పీపా పోయింది," అన్నాడు ఆన్సెల్మ్.

"కారిపోయిందా?"

"కాదు బావగారూ. పెళ్ళి చేసుకుంది."

లెయోన్స్‌కు అర్థం కాలేదు. కూతురి మొహం చూశాడు. వియ్యపురాలి మొహం చూశాడు. సీసాల పెట్టె చప్పుడు కాకుండా కింద పెట్టి టోపీ తీశాడు. సొలాంజ్ ఆయనకు కుర్చీ వేసింది, కాఫీ పోసింది, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా ఎక్కువ చెయ్యలేదు. పులుసు మాట మాత్రం మింగేసింది.

"పులుసు అన్నారు," అంది పెరిన్ వెనక నుంచి.

లెయోన్స్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని సొలాంజ్‌కు తెలుస్తూనే ఉంది.

"చెల్లెమ్మా," అన్నాడాయన చివరికి, "పంచాయితీ తర్వాత. ముందు ఆ దోషిని చూద్దాం. కిందికి పదండి."

"నేనూ వస్తాను," అన్నాడు ఆన్సెల్మ్.

"డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు!" అంది సొలాంజ్.

"కాళ్ళతో దిగొద్దన్నాడు."

ఆయన నేలమాళిగ మెట్ల మీద చంటిపిల్లాడిలా కూర్చుని, ఒక్కొక్క మెట్టూ జారుతూ దిగాడు. ఒక పక్క లెయోన్స్, ఇంకో పక్క ఫిర్మిన్. వెనక దీపం పట్టుకుని సొలాంజ్. అందరి వెనకా పెరిన్. కింద తడి రాతి వాసన, కొయ్య వాసన, వైన్ వాసన. శరదృతువు తర్వాత మొదటిసారి తన పీపాల మధ్యకొచ్చిన ఆన్సెల్మ్, దగ్గర్లో ఉన్నదాని పొట్ట మీద అరచెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. సొలాంజ్‌కు పొద్దుటి నుంచీ ఉన్న కోపం ఆ చెయ్యి చూసి కాస్త సడలింది.

ఫిర్మిన్ గాజుగొట్టంతో ముందు అసలు గ్రివ్ తీశాడు. ముట్టుకోకుండా మిగిలిన పీపా. లెయోన్స్ పుక్కిలించి ఉమ్మేశాడు. ఆయన కళ్ళు రెండూ మూసుకుపోయాయి.

"చెల్లెమ్మా, ఇది వైనా, నిమ్మకాయా?"

"నాలుగైదేళ్ళు ఆగి తాగాలి అన్నయ్యగారూ. మీ వైపు వాళ్ళకి ఓపిక తక్కువ."

"నాలుగైదేళ్ళకి నేనుండాలిగా!"

మురే తాగి తలూపాడు. "ఇది మా వైపు వైన్‌కు చుట్టంలా ఉంది. తిండికి లోటు లేని ఇంట్లో పెరిగినట్టుంది."

"దాని సంగతి వేరు," అన్నాడు ఆన్సెల్మ్. "వాన పడ్డప్పుడల్లా పై చేల మట్టి కొట్టుకొచ్చి నా గోడ దగ్గర ఆగుతుంది. మా అత్తగారు చలికాలమంతా బుట్ట వీపున కట్టుకుని ఆ మట్టి మళ్ళీ పైకి మోసేది. మోసినంత మోసింది. మిగిలింది మాకు వదిలేసింది. పెళ్ళికి ముందే మీ చెల్లెమ్మగారి పుట్టింటి మట్టి మా ఇంటికొచ్చేసింది బావగారూ."

"ఇప్పుడది చెప్పే సందర్భమా?" అంది సొలాంజ్. కానీ గొంతులో పదును లేదు. బుట్టకింద వంగిన తల్లి వీపు గుర్తొచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఒక్కతే మోసింది. ఎవరైనా చెయ్యి వెయ్యబోతే, నా చేను, నేను చూసుకుంటాను అనేది.

మూడో గ్లాసు వచ్చింది. కలిపిన పీపా.

లెయోన్స్ తాగాడు. ఉమ్మలేదు. ఇంకోసారి తాగాడు. అది కూడా ఉమ్మలేదు. ఆన్సెల్మ్ ఆయన చేతిలోంచి గ్లాసు అందుకున్నాడు. పెదవులు కదుపుతూ పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడో ఒక చుక్క నీరు రాతి మీద పడింది.

"నేనైతే ఇది తాగుతాను," అన్నాడు ఆన్సెల్మ్.

సొలాంజ్ చెంప మీద ఎవరో చరిచినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆయన ముందు రెండు గ్లాసులు పెడితే ఏది బాగుందో ఎప్పుడూ చెప్పలేదు. నవ్వేసి ఊరుకునేవాడు. అదే ఆయన మర్యాద అని ఆమెకు తెలుసు. ఇవాళ మూడో గ్లాసు వచ్చేసరికి ఒక్క మాటలో తేల్చేశాడు.

పెరిన్ మొహం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

"బాగుంది," అన్నాడు లెయోన్స్ కూతురి వైపు తిరిగి. "చాలా బాగుంది. అయినా నువ్వు చేసింది తప్పు."

"నాన్నా!"

"మన దగ్గర ఎందుకు కలుపుతామో తెలుసా నీకు? భయంతో. మెర్లో తొందరపడి చిగురిస్తుంది, వసంతంలో మంచు కొడితే మాడిపోతుంది. కాబెర్నే బద్ధకంగా పండుతుంది, కోతల ముందు వాన పడితే కుళ్ళిపోతుంది. ఏదో ఒకటి చేతికి దక్కాలని రెండూ పెడతాం. దక్కిన దాన్ని కూర్చుని కలుపుతాం. కూర్చుని! మీ అమ్మ బతికున్నప్పుడు బల్ల మీద గ్లాసులు పేర్చి, నేను ఒకటి పోస్తే ఆవిడ ఇంకోటి పోసేది. ఆవిడ ఊఁ అనందే ఒక్క చుక్క పీపాలోకి వెళ్ళేది కాదు. కొట్టుకునేవాళ్ళం, మాట్లాడుకోకుండా పడుకునేవాళ్ళం, మళ్ళీ పొద్దున్నే కూర్చునేవాళ్ళం. నువ్వు ఒక్కదానివే దొంగలా కలిపావు. అది వీళ్ళ పద్ధతి కాదు సరే, మన పద్ధతి కూడా కాదు."

పెరిన్ ఏడుస్తుందేమో అనుకుంది సొలాంజ్. ఏడవలేదు. వీపు పీపాకి ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎవర్ని కూర్చోబెట్టను నాన్నా? ఎడమ వరస అత్తయ్యది. కుడి వరస మామయ్యది. ఆ గోడ మీద పీపాల లెక్క కూడా ఎవరి సుద్దగీతలు వాళ్ళవి. ఇది తిను అంటారు, ఇది కత్తిరించు అంటారు, అందరూ బాగా చూస్తారు. నాకేం లోటు లేదు. కానీ ఈ నేలమాళిగలో నేను నిలబడ్డ చోటు కూడా రెండు వరసల మధ్య నడిచే దారే. అడిగితే వద్దంటారని తెలుసు. వద్దన్నాక చేస్తే ఎదిరించినట్టవుతుంది. అందుకే అడక్కుండా చేశాను. ఒక్క పీపా అయినా నా చెయ్యి పడ్డది ఉండాలనిపించింది. అంతే."

"రెండు పీపాలు," అన్నాడు ఫిర్మిన్.

అందరూ అతని వైపు తిరిగారు. గాజుగొట్టం అతని చేతిలో అడ్డదిడ్డంగా ఊగుతోంది.

"రెండు పీపాలు. ఒక్కతే చెయ్యలేదు. పెరిన్ పోసింది, గొట్టం పట్టుకున్నది నేను. కలిపే రోజు నాకు భలే ఉత్సాహంగా ఉండింది. పొద్దున నువ్వడిగినప్పుడు మాత్రం..." తల్లి వైపు చూడబోయి చూడలేకపోయాడు. "నువ్వు బల్ల మీద గ్లాసు అలా పెడితే నాకు ఇప్పటికీ చిన్నప్పట్లా పారిపోవాలనిపిస్తుందమ్మా."

"ఇంత పొడుగు పెరిగావు, సిగ్గులేదూ!" అంది సొలాంజ్.

"ఉంది."

పెరిన్ అతని వైపు చూసింది. పొద్దుటి నుంచీ మొదటిసారి. అతని చేతిలోంచి గాజుగొట్టం తీసుకుంది, పగిలిపోతుందేమోనని.

సొలాంజ్ చెయ్యి చాపింది. ఎవరికీ అర్థం కాలేదు. "గ్లాసు," అంది. ఆన్సెల్మ్ తన చేతిలోది ఇచ్చాడు.

పొద్దున ఆమె దీన్లో గ్రివ్‌ని వెతుక్కుంటూ తాగింది. ఇప్పుడు ఊరికే తాగింది. ముందు పుల్ల చెర్రీ తగిలింది, తల్లి ఇంటి వాకిట్లో చలికాలపు పొద్దున నోరు తెరిస్తే తగిలే గాలిలాంటిది. తర్వాత అది వెనక్కి తగ్గి మురే వచ్చింది, వెచ్చగా, నోరంతా నిండుగా. గ్రివ్ ఇక లేదనుకుంది. మింగాక, చాలాసేపటికి, నాలిక చివర ఆ చల్లటి రాయి మళ్ళీ తగిలింది. ఎక్కడికీ పోలేదు.

బాగుందని ఆమె అనలేదు.

"ఇంకో గ్రివ్ పీపా జోలికి వెళ్ళావా?"

"లేదు అత్తయ్యా."

"వెళ్ళకు." దీపం తీసుకుని మెట్ల వైపు నడిచింది. సగం మెట్లెక్కి ఆగింది. "ఆయన్ని ఎలా దించారో అలాగే ఎక్కించండి. మళ్ళీ విరిగితే నేను చాకిరీ చెయ్యను."

మర్నాడు ఉదయం ఊరంతా గడ్డకట్టిన రోడ్డు మీద సెయింట్ విన్సెంట్‌ను భుజాల మీద మోసుకుంటూ వచ్చింది. కొయ్యబొమ్మ చేతిలో కొయ్య ద్రాక్షగుత్తి, మెడలో పసుపు రిబ్బను. ముందు బాజాలు, వెనక పిల్లలు, చలికి ఎర్రబడ్డ ముక్కులు. వాకిట్లో పెద్ద బల్లలు వేశారు. పెరిన్ వేయించిన జున్ను బూరెలు పళ్ళేల్లో పొగలు కక్కుతున్నాయి. లెయోన్స్ బాతు మాంసం జాడీల చుట్టూ అప్పుడే మగవాళ్ళు మూగారు.

ఫిర్మిన్ తల్లి దగ్గరికొచ్చాడు. "ఏ పీపా?"

ఆమె తలకు కట్టుకున్న రుమాలు సర్దుకుంది. సర్దుకోవడానికి కాస్త ఎక్కువ సమయమే పట్టింది.

"ఎడమ వరసలో చివరిది," అంది.

మొదటి గ్లాసు ఎప్పుడూ ఒనొరీన్‌కే. ఊళ్ళో అందరికన్నా వయసులో పెద్ద ద్రాక్షరైతు ఆవిడ. కళ్ళు సరిగ్గా కనపడవు కానీ, ఏ గ్లాసులోది ఏ గోడకి ఏ పక్క పండిందో చెప్పగలదని పేరు. ఒక గుక్క తాగింది. బోసినోరు కదిలించింది. ఇంకో గుక్క తాగింది. చుట్టూ మాటలు తగ్గిపోయాయి.

"సొలాంజ్, ఏ చేను ఇది?"

సొలాంజ్ బల్ల మీది గ్లాసుల్ని వరసగా జరిపింది.

"గ్రివ్ అందామంటే కాళ్ళు బరువుగా ఉన్నాయి. మురే అందామంటే తల మరీ పైకెత్తుకుని ఉంది. నా నోరు చెడిందా, నీ పీపా చెడిందా?"

ఒకరిద్దరు నవ్వారు. ఆన్సెల్మ్ కర్ర మీద ముందుకు వంగాడు. బూరెల పళ్ళెం పట్టుకున్న పెరిన్ ఉన్నచోటే నిలబడిపోయింది. పళ్ళెం ఒక పక్కకు ఒరిగిపోతున్నా చూసుకోలేదు.

"రెండూ కాదు," అంది సొలాంజ్. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "అది మా కోడలి వైన్. పేరు ఆ పిల్లనే అడగండి."

ఊరు ఊరంతా పెరిన్ వైపు తిరిగింది.

"ఇంకా పెట్టలేదు అవ్వా," అంది పెరిన్, పీలగా.

"పేరు లేని వైన్ ఈ గొంతు దిగటం ఇదే మొదటిసారి," అంది ఒనొరీన్. గ్లాసు ముందుకు చాపింది. "ఇంకొంచెం పొయ్యి. దిగాక ఎక్కడికి పోతుందో చూస్తాను."

నవ్వులు పైకి లేచాయి. అందరూ గ్లాసులు చాపారు. పెరిన్ పళ్ళెంలోంచి జారిన బూరెని సొలాంజ్ గాల్లోనే పట్టుకుని, కాలుతున్నా నోట్లో వేసుకుంది. అత్తా కోడలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. భుజాలు మాత్రం ఆనుకునే ఉన్నాయి, జనం తోపులాటలో.

మధ్యాహ్నం తిరిగేసరికి ఊరు ఇళ్ళకు వెళ్ళిపోయింది. సెయింట్ విన్సెంట్ వంటింటి బీరువా మీద, చక్కెర డబ్బా పక్కన కుదురుకున్నాడు. పొయ్యి ముందు వియ్యంకులిద్దరూ ఒకరి వైన్‌ను ఒకరు తిట్టుకుంటూ ఒకే సీసా ఖాళీ చేస్తున్నారు. ఫిర్మిన్ గ్లాసులు కడుగుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే.

సొలాంజ్ కోడలి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కడుపు నిండా తిని, చెవుల నిండా మెప్పులు విని, ఆమె మనసు చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఉంది.

"గ్రివ్‌లో అడవి వైపు పై వరసలున్నాయే," అంది. "వడగళ్ళకు ముందే ముసలివైపోయాయి. ఇక కాయవు. ఈ వసంతంలో పీకించేద్దామనుకుంటున్నాను."

"అవునత్తయ్యా. నేనూ అదే చెబుదామనుకున్నాను."

"ఆ వరసలు నువ్వు తీసుకో. పీకించేది నువ్వే, నాటేది నువ్వే, కత్తిరించేది నువ్వే. నేను కత్తెర పట్టుకుని అటు రాను. పీపా మీద సుద్దతో ఏం రాసుకుంటావో అదీ నీ ఇష్టం."

కడుగుతున్న గ్లాసుల చప్పుడు ఆగింది. ఆన్సెల్మ్ నోటి దగ్గరి గ్లాసు దించాడు. తల్లి చేనులో ఇంకొకరికి ఒక్క తీగ కూడా వదలని మనిషి సొలాంజ్. ఆ సంగతి అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

పెరిన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా ఇష్టమేనా అత్తయ్యా? నిజంగా?"

"అన్నానుగా."

"ఏం నాటినా?"

"ఏం నాటినా అంటే?" సొలాంజ్ నవ్వింది. "ఈ కొండ మీద పినో కాక ఇంకేం నాటుతావు?"

పెరిన్ తండ్రి వైపు చూసింది. లెయోన్స్ ఉన్నట్టుండి బీరువా మీది సెయింట్ విన్సెంట్ రిబ్బను ఏ రంగో పరీక్షగా చూడసాగాడు.

"నిన్న నాన్న దొంగలా కలిపావన్నాడు," అంది పెరిన్. "అందుకే ఈసారి ముందే అడుగుతున్నాను. అమ్మటానికి కాదు, ఇంట్లోకే. నాలుగు మొక్కలు. ఆ వైన్ మీద ఊరి పేరు రాయను."

"ఏ నాలుగు మొక్కలు?"

"మెర్లో."

"వెర్నోల్ కొండ మీద మెర్లో!" ఆన్సెల్మ్ లేవబోయి కాలు గుర్తొచ్చి కూలబడ్డాడు. "ఒనొరీన్ వింటే ఊరొదిలి పోవాలి మనం!"

"మా అమ్మ చేలోవి అత్తయ్యా. చివరి ఏడాది అమ్మ తన చేత్తో కట్టిన అంట్లు. అక్కడ ఆ చేను కౌలుకు పోయింది, వాళ్ళు పీకేస్తున్నారు. నేను ఫోన్లో ఏడిస్తే నాన్న..." పెరిన్ ఆగింది.

"నాన్న ఏం చేశాడు?" అంది సొలాంజ్.

లెయోన్స్ టోపీ వెతుక్కున్నాడు. టోపీ ఆయన తల మీదే ఉంది.

"కారు వెనకాల ఉన్నాయి చెల్లెమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "తడిగోనెలో చుట్టి తెచ్చాను. నిన్న చెబుదామనుకున్నాను. నిన్న... సమయం బాగాలేదు."

సొలాంజ్ ఆయన వైపు చూసింది. కోడలి వైపు చూసింది. పెరిన్ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది, పగిలిన వేళ్ళతో, గట్టిగా. ఫిర్మిన్ ఈసారి గొట్టాలు కడగాలనలేదు. వచ్చి భార్య కుర్చీ వెనక నిలబడ్డాడు.

సొలాంజ్ మెల్లిగా చెయ్యి విడిపించుకుంది. లేచి, తలుపు వెనక కొక్కేనికున్న శాలువా భుజాల మీద వేసుకుని, లెయోన్స్ ముందు అరచెయ్యి చాపింది.

"కారు తాళం ఇవ్వండి. చలికి మొక్కల వేళ్ళు గడ్డకట్టిపోతాయి," అంది.